చైనీస్ టేక్‌అవుట్ మీద ఫిర్యాదులు: లక్షణం ఒకటి, కారణం ఇంకెక్కడో

అమెరికాలో ఏ స్ట్రిప్‌మాల్ మూలనున్న చైనీస్ టేక్‌అవుట్ రివ్యూలైనా వరసగా చదివితే, వీళ్ళంతా ఒకే వంటగది గురించి రాశారా అని అనుమానం వస్తుంది. "ఈ ఏరియాలో దీన్ని మించింది లేదు" అని ఒకరు రాస్తే, కిందే "ఇంకోసారి అటువైపు పోను" అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఒకరు కౌంటర్ దగ్గర తీసుకుని కారులోనే డబ్బా తెరిచారు. రెండోవారికి అదే చికెన్ డెలివరీ బ్యాగులో ముప్పావుగంట మగ్గి వచ్చింది. టేక్‌అవుట్ మీద గొడవల్లో చాలావాటికి మూలం వోక్ (చైనీస్ వంటవాళ్ళ గుంటటి బాణలి) దగ్గర ఉండదు, వోక్‌కీ మన నోటికీ మధ్య ఉంటుంది. అందుకని నక్షత్రాలు లెక్కపెట్టడం పక్కనబెట్టి, ఫిర్యాదులో ఉన్న లక్షణాన్ని పట్టుకుని కారణం దాకా వెళ్దాం.

"కరకరలాడాల్సిన చికెన్ తడిసిన అట్టలా వచ్చింది"

అన్నిటికంటే ఎక్కువగా కనబడే ఫిర్యాదు ఇదే. జనరల్ సోస్, సెసమీ చికెన్, ఆరెంజ్ చికెన్, ఎగ్ రోల్ అన్నిటికీ ఇదే గతి.

కారణం ఆవిరి. నూనెలోంచి తీసిన ముక్క చాలాసేపు లోపలి తేమను బయటికి వదులుతూనే ఉంటుంది. పళ్ళెంలో అయితే ఆ ఆవిరి గాలిలో కలిసిపోతుంది. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో అయితే పైకి వెళ్ళి, నీళ్ళయి, మళ్ళీ ముక్క మీదే పడుతుంది. పైనుంచి ఆవిరి, కింద నుంచి వేడి సాస్. ఇక కార్న్‌స్టార్చ్ పూత ఎంతసేపు నిలుస్తుంది? అలవాటైన ఆ తెల్ల మడత డబ్బా కూడా ఈ పని కోసం పుట్టింది కాదు. 1894లో షికాగోలో ఫ్రెడరిక్ విల్‌కాక్స్ అనే ఆయన పేటెంట్ చేయించిన కాగితపు బకెట్ అది. అప్పట్లో అలాంటి బకెట్లు ఆయిస్టర్లు అనే సముద్రపు గుల్లల్ని మోయడానికి వాడేవాళ్ళు. చుక్క కారకుండా ఆపే డబ్బా ఆవిరిని మాత్రం బయటికి ఎందుకు పోనిస్తుంది?

ఏం చేయాలి: ఆర్డర్‌లోనే "సాస్ విడిగా" అని రాయండి. చాలాచోట్ల అదనంగా ఏమీ తీసుకోరు. దగ్గరైతే మీరే వెళ్ళి తెచ్చుకోండి. కారెక్కగానే మూత ఒక మూల కొంచెం తెరిచి పెట్టండి. కారంతా వాసన వస్తుంది, అది తప్పదు. ఇంటికొచ్చేసరికే మెత్తబడిపోయి ఉంటే మైక్రోవేవ్ జోలికి పోవద్దు, అది తేమను ఇంకా పైకి లాగుతుంది. 400 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లోనో ఎయిర్‌ఫ్రయర్‌లోనో కాసేపు పెట్టి, సాస్‌ని విడిగా వేడిచేసి తినే ముందు కలపండి. సాస్ అప్పటికే పట్టేసి ఉంటే పూర్తి కరకర మళ్ళీ రాదు.

రివ్యూ చదివేటప్పుడు మాత్రం ఒక తేడా గమనించండి. "డెలివరీలో మెత్తబడింది" అంటే తప్పు దూరానిది. "షాపులో నిలబడి తిన్నా మెత్తగానే ఉంది" అంటే నూనె సరిగా కాగలేదు, లేదా ముందే వేయించి పక్కన పెట్టిన ముక్కలు. ఈ రెండో రకం రివ్యూలు ఎక్కువగా కనిపిస్తే ఆ షాపు గురించి ఆలోచించాల్సిందే.

"సాస్ నీళ్ళలా ఉంది"

అప్పుడే వచ్చిన కూర నీళ్ళగా ఉంటే వోక్ నిండా కూరగాయలు కుక్కి వండారని అర్థం. ఒకేసారి అంత వేస్తే మంట చాలదు, ముక్కలు వేగే బదులు ఉడికి నీరు వదులుతాయి. చైనీస్ వంటగదిలోని వోక్ పొయ్యి గంటకి లక్ష బీటీయూలకు (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్) పైగా వేడినిస్తుంది. ఇంట్లో గ్యాస్ బర్నర్ దాంట్లో చిన్న వంతు. అయినా శుక్రవారం రాత్రి ఏడింటికి ఆర్డర్లు మీద పడితే ఆ పొయ్యికీ హద్దు ఉంటుంది. మధ్యాహ్నమో, సాయంత్రం తెరిచిన కొత్తలోనో ఓసారి తెప్పించి చూడండి, తేడా తెలిసిపోతుంది.

రాత్రి చిక్కగా ఉన్న సాస్ మర్నాటికి నీళ్ళయితే నేరం వంటవాడిది కాకపోవచ్చు. డబ్బాలో ఫోర్క్ పెట్టి నేరుగా తిని, మిగిలింది మూతపెట్టి దాచారా? మన లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, పిండి పదార్థాన్ని విరగ్గొట్టడమే దాని పని. ఫోర్క్ వెంట అది డబ్బాలోకి దిగి సాస్‌ని పల్చన చేస్తుంది. తినేంతవరకు పళ్ళెంలోకి తీసుకోవడమే దీనికి మందు.

"చికెన్ జారుడుగా, వింతగా మెత్తగా ఉంది, ఇది అసలు చికెనేనా?"

చికెనే. పల్చగా కోసిన ముక్కల్ని కార్న్‌స్టార్చ్‌లో, ఒక్కోసారి గుడ్డు తెల్లసొనతో, కాసేపు నానబెట్టి, నూనెలోనో మరిగే నీళ్ళలోనో కొద్దిగా ఉడికించి తర్వాత వోక్‌లో వేస్తారు. ఇంగ్లిష్ వంట పుస్తకాల్లో దీన్ని వెల్వెటింగ్ అంటారు. బీఫ్‌కైతే చిటికెడు వంటసోడా కూడా పడుతుంది. మన ఇళ్ళలో కూర బాగా వేగి ముక్క గట్టిపడటం అలవాటైన నాలుకకి ఇది అనుమానాస్పదంగానే ఉంటుంది, కానీ నాసిరకం మాంసానికి గుర్తు కాదు. నచ్చకపోతే వేయించిన రకాలో, రోస్ట్ చేసినవో చెప్పుకోండి. సోడా రుచి నాలుకకి తగులుతుంటే మాత్రం అది వాళ్ళ పొరపాటే, ఫోన్ చేసి చెప్పొచ్చు.

"ఉప్పు కషాయం"

టేబుల్‌స్పూన్ మామూలు సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రోజు మొత్తానికి చెప్పే హద్దు 2,300. కూరలో సోయా సాస్, ఆయిస్టర్ సాస్, ఫ్రైడ్‌రైస్‌లో మళ్ళీ సోయా సాస్, పైన మనం చింపి పోసుకునే ప్యాకెట్లు. ఫ్రైడ్‌రైస్ బదులు తెల్లన్నం తీసుకుని సాస్ సగమే కలుపుకుంటే చాలామంది ఫిర్యాదు అక్కడితో తీరిపోతుంది. బీపీ ఉన్నవాళ్ళయితే స్టీమ్ చేసిన కూరగాయలు, సాస్ విడిగా. మెనూలో 'డైట్' పేరుతో ఓ మూల ఉండే ఐటమ్స్ ఇవే.

"తిన్నాక తలనొప్పి, కచ్చితంగా ఎంఎస్‌జీనే"

ఈ ఒక్క ఫిర్యాదుకి పెద్ద చరిత్రే ఉంది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా సముద్రపు నాచు చారులోని రుచికి మూలం గ్లుటమేట్ అని తేల్చారు. ఎంఎస్‌జీ, అంటే మనం అజినొమోటో అని పిలిచే మోనోసోడియం గ్లుటమేట్, అక్కణ్ణుంచి వచ్చింది. 1968లో రాబర్ట్ హో మన్ క్వాక్ అనే డాక్టర్, అమెరికాలో చైనీస్ రెస్టారెంట్లలో తిన్నాక మెడ వెనక తిమ్మిరి, గుండెదడ వస్తున్నాయని ఒక వైద్య పత్రికకి లేఖ రాశారు. ఆయన సోయా సాస్‌ని అనుమానించారు, వంటలో వాడే వైన్‌ని అనుమానించారు, ఎక్కువైన ఉప్పునీ, ఎంఎస్‌జీనీ అనుమానించారు. జనానికి గుర్తున్నది మాత్రం ఎంఎస్‌జీ ఒక్కటే. ఆ నింద చైనీస్ షాపుల మీద పడి, తలుపు మీద "నో ఎంఎస్‌జీ" బోర్డు పెట్టుకునే దాకా వెళ్ళింది. చిప్స్ ప్యాకెట్ వెనక అదే పేరు ఉన్నా ఎవరూ పట్టించుకోరు, అదీ విడ్డూరం.

ఎఫ్‌డీఏ లెక్కలో ఎంఎస్‌జీ ఉప్పు, బేకింగ్ పౌడర్‌లాగే సురక్షితమైన పదార్థాల జాబితాలో ఉంది. అన్నం, కూర ఏదీ లేకుండా 3 గ్రాములు, అంతకంటే ఎక్కువ తీసుకుంటే కొందరిలో కాసేపుండే తలనొప్పి, తిమ్మిరి లాంటివి కనబడొచ్చని 1990లలో జరిగిన సమీక్షలో తేలింది. మామూలుగా ఒక వడ్డనలో కలిపేది అర గ్రాము లోపే. పండిన టమాటాలో, పార్మెజాన్ చీజ్‌లో సహజంగానే గ్లుటమేట్ ఉంటుంది.

కాబట్టి ముందు చూడాల్సింది ఉప్పు. తర్వాత మీరు నీళ్ళు ఎంత తాగారో, ఎన్నింటికి తిన్నారో, ఎంత తిన్నారో. పిజ్జా తిన్నా ఇదే తలనొప్పి వస్తుంటే చైనీస్ షాపు మీద రివ్యూ రాయకండి. కచ్చితంగా వద్దనుకుంటే ఆర్డర్‌లో "ఎంఎస్‌జీ వేయొద్దు" అని చెప్పొచ్చు. వోక్‌లో విడిగా చల్లకపోయినా కొన్ని రెడీమేడ్ సాసుల్లో అది ముందే ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

"వెజిటేరియన్ అని చెప్పాను, అయినా ఏదో వాసన"

మనవాళ్ళు ఎక్కువగా రాసే ఫిర్యాదు. తప్పు చాలావరకు మాటల దగ్గరే జరుగుతుంది. కౌంటర్ దగ్గర "వెజ్" అంటే అవతలివాళ్ళకి అర్థమయ్యేది "మాంసం ముక్కలు వద్దు" అని. బ్రకోలీ గార్లిక్ సాస్‌లో చికెన్ చారు ఉండొచ్చు. 'వెజిటబుల్ లో మెయిన్' అనే నూడుల్స్‌లో ఆయిస్టర్ సాస్ పడొచ్చు. వెజిటబుల్ ఫ్రైడ్‌రైస్‌లో గుడ్డు దాదాపు ఖాయం. మా పో టోఫు పేరులో టోఫు ఉన్నా అసలు వంటకంలో మాంసం కీమా వేస్తారు. వెజిటబుల్ ఎగ్ రోల్‌నీ చికెన్ వింగ్స్‌నీ ఒకే నూనెలో వేయిస్తారు.

పరిష్కారం: 'వెజిటేరియన్' అనే ఒక్క మాట మీద ఆధారపడకుండా విడివిడిగా చెప్పాలి. మాంసం వద్దు, చికెన్ చారు వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు, గుడ్డు వద్దు, వోక్ కడిగి వండండి. యాప్‌లో నోట్ పెడితే ఒక్కోసారి వంటగదికి వెళ్ళే ఆర్డర్ చీటీ మీదికి రానే రాదు, ఫోన్ చేయడం నయం. "చేయలేం" అని మొహమాటం లేకుండా చెప్పే షాపు, అన్నిటికీ "ఓకే ఓకే" అనే షాపు కంటే వెయ్యి రెట్లు మేలు. ఇంట్లో మడి పాటించే పెద్దవాళ్ళుంటే అసలు ఇక్కడ ప్రయోగం చేయకండి, ఒకే నూనె, ఒకే గరిటె సంగతి ఎవరూ మార్చలేరు.

ఎలర్జీ ఉంటే వ్యవహారం రుచిది కాదు. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. నువ్వుల నూనె చివర్లో చాలా వంటకాల మీద పడుతుంది. 2023 జనవరి 1 నుంచి ప్యాకెట్ ఆహారం మీద నువ్వుల పేరు తప్పనిసరిగా వేయాలి, కానీ ఆ లేబుల్ నియమం షాపులో అప్పటికప్పుడు వండి డబ్బాలో పెట్టే కూరకి వర్తించదు. వేరుశనగ పడనివాళ్ళు, వేరుశనగ వేసే కుంగ్ పావ్ వండిన వోక్‌లోనే తమది కూడా తయారవుతుందని అనుకునే ఆర్డర్ చేయాలి.

"చౌ మెయిన్ అడిగితే నూడుల్స్ లేవు"

తూర్పు తీరంలోని చాలా టేక్‌అవుట్లలో చౌ మెయిన్ అంటే కూరగాయల గ్రేవీ, పైన చల్లుకోడానికి సంచీలో కరకర నూడుల్స్. మెత్తటి నూడుల్స్ కావాలంటే అక్కడ లో మెయిన్ అడగాలి. పశ్చిమానికి వెళితే చౌ మెయిన్ అంటేనే నూడుల్స్. ఊరు మారినప్పుడు అడగండి, అంతే.

"ఇది అసలైన చైనీస్ కాదు", "మంచూరియా కూడా లేదు"

రెండూ ఒకే జబ్బు. జనరల్ సోస్ చికెన్‌ని కనిపెట్టింది పెంగ్ చాంగ్-క్వే. హునాన్ నుంచి తైవాన్ వెళ్ళిన వంటవాడాయన, 1950లలో చేశాడు, అందులో తీపి లేదు. 1970లలో న్యూయార్క్‌కి వచ్చాక దానికి చక్కెర, కరకర చేరాయి. అంటే టేక్‌అవుట్ వంట అమెరికాలోనే పుట్టి పెరిగిన వంట. దాన్ని బీజింగ్‌తో పోల్చి ఒక నక్షత్రం ఇవ్వడం న్యాయం కాదు, హైదరాబాద్ బండి మీది నూడుల్స్‌తో పోల్చి ఇవ్వడం అంతకంటే కాదు. మనకి కావాల్సిన కారం, వెల్లుల్లి ఇండో-చైనీస్ షాపుల్లో దొరుకుతాయి. ఇక్కడే కావాలంటే "ఎక్స్‌ట్రా స్పైసీ" కంటే ఎండుమిర్చి ఎక్కువ వేయమనడం, చిల్లీ ఆయిల్ విడిగా అడగడం పనిచేస్తాయి.

"గంట ఆలస్యం, పైగా సూప్ మర్చిపోయారు"

ఆలస్యం ఎవరిదో చూడండి. యాప్‌లో "ఆర్డర్ రెడీ" అయ్యాక డ్రైవర్ దొరక్క ఆగిందా, వంటే కాలేదా? యాప్ కంపెనీలు సాధారణంగా 15 నుంచి 30 శాతం దాకా కమీషన్ తీసుకుంటాయి, అందుకే షాపుకి నేరుగా ఫోన్ చేసినవాళ్ళకి ధరా తగ్గొచ్చు, మాటా దక్కొచ్చు. క్రిస్మస్ రోజున మిగతావన్నీ మూసి ఉంటాయి కాబట్టి చైనీస్ షాపు మీద ఊరంతా పడుతుంది. ఆ రోజు రాసిన రివ్యూలని బట్టి మిగతా ఏడాదిని అంచనా వేయొద్దు. ఐటమ్ తప్పిపోతే ముందు ఫోన్. కౌంటర్ దగ్గరైతే కదిలేముందే సంచీ తెరిచి రసీదుతో సరిచూసుకోండి.

"ఇదివరకు బాగుండేది, ఇప్పుడు పాడైంది"

చిన్న షాపుల్లో వోక్ పట్టే మనిషి ఒక్కరే. ఆ మనిషి మారితే రుచి మారుతుంది. బోర్డు, మెనూ అవే ఉండి యజమాని మారడం కూడా మామూలే. రివ్యూల్ని తేదీల వరసలో పెట్టి, ఏ నెల నుంచి గొంతు మారిందో చూడండి. పాత పొగడ్తలు ఎన్ని ఉన్నా పక్కన పెట్టండి. వివరం లేని ఐదు నక్షత్రాలు ఒకే వారంలో గుంపుగా వస్తే అనుమానించండి. డబ్బిచ్చి రాయించే దొంగ రివ్యూల్ని నిషేధిస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన నియమం 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది, అయినా అవి ఆగిపోయాయనుకోవద్దు.

"తిన్నాక కడుపు పాడైంది"

దీన్ని మాత్రం రివ్యూతో సరిపెట్టకూడదు, తొందరపడి తీర్పూ ఇవ్వకూడదు. అందరూ చివరగా తిన్నదాన్నే అనుమానిస్తారు. నోరోవైరస్‌కి లక్షణాలు సాధారణంగా 12 నుంచి 48 గంటల తర్వాత బయటపడతాయి, సాల్మొనెల్లాకి ఆరు గంటల నుంచి ఆరు రోజులు పట్టొచ్చు. తిన్న కొద్ది గంటల్లోపే వాంతులైతే అన్నాన్ని అనుమానించాలి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనాల్లాంటి స్పోర్లు ఉడికినా చావవు, అన్నం గది వేడిలో ఉండిపోతే మొలిచి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అన్నం షాపులోనే అలా ఉండిపోయి ఉండొచ్చు. రాత్రంతా మీ డైనింగ్ టేబుల్ మీద మర్చిపోయిన డబ్బా కూడా కావొచ్చు. తెచ్చిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి, మళ్ళీ వేడిచేస్తే 165 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా.

షాపుదే తప్పని గట్టిగా అనిపిస్తే మిగిలిన ఆహారాన్ని పారేయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో విడిగా ఉంచి, మీ కౌంటీ లేదా సిటీ ఆరోగ్య శాఖకి ఫోన్ చేయండి. ఏ రోజు, ఎన్నింటికి, ఏమేం తిన్నారో, ఇంకెవరికి వచ్చిందో అడుగుతారు. తనిఖీ నివేదికలు చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనే ఉంటాయి. న్యూయార్క్ నగరంలో 2010 నుంచి అక్షరం గ్రేడు షాపు ముందే అతికిస్తారు. గ్రేడుతో ఆగకుండా నివేదిక తెరిచి చూడండి. పైకప్పు టైలు పగిలిందని రాస్తే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. వండిన ఆహారం ఉండాల్సిన వేడిలో లేదని వరసగా రెండు తనిఖీల్లో రాస్తే వేరే షాపు వెతుక్కోండి.