నాగసాకిలో ఓడ దిగాక ట్రామ్ ఎక్కే పద్ధతి

మత్సుగాఎ రేవులో దిగినవాళ్లకు టాక్సీ అక్కర్లేదు. కాస్త నడిస్తే ఓఉరా తెన్షుదో ట్రామ్ స్టాప్. హొతరుజాయా వైపు వెళ్లే 5వ నంబరు ఎక్కి షించి చైనాటౌన్‌లో దిగండి. అక్కడ అకసాకో వైపు వెళ్లే 1వ నంబరుకు మారితే అణుబాంబు మృతుల స్మారకమైన పీస్ పార్క్ చేరతారు. చిక్కల్లా ఆ మారే చోటే: నగదు ఇచ్చేవాళ్లు దిగేటప్పుడే డ్రైవరును అడిగి మార్పిడి టికెట్ తీసుకోవాలి, లేదంటే రెండో బండిలో మళ్లీ చార్జీ పడుతుంది. సుయికా లాంటి, ముందే డబ్బు వేసుకునే ప్రయాణ కార్డుంటే ఈ గొడవే లేదు.

ఎక్కేది వెనక తలుపు, దిగేది ముందు తలుపు. డబ్బు వేసే పెట్టె చిల్లర తిరిగివ్వదు. డ్రైవరు పక్కనున్న యంత్రంలో 1000 యెన్ల నోటు ముందే మార్చుకోండి. 10,000 నోటైతే ఏదైనా కొట్లో విడిపించుకున్నాకే ట్రామ్ ఎక్కడం మంచిది.

ఓఉరా చర్చి, గ్లోవర్ గార్డెన్ ఓడకు దగ్గరే కాబట్టి చివరికి ఉంచుకోండి. దూరంవి ముందు చూసేస్తే తిరుగు బండి ఆలస్యమైనా ఓడ తప్పిపోదు.