మిద్దె తోటలో నడకదారి – 3వ పాఠం: ముందు నీళ్లు, తర్వాతే బండలు

పోయిన పాఠంలో డాబా కొలతలు తీసి, దారి ఎటు పోవాలో కాగితం మీద గీసుకున్నాం. ఆ కాగితం, ఒక సుద్దముక్క, నాలుగు బకెట్ల నీళ్లు తీసుకుని పైకి వెళ్లండి.

వాననీళ్లు గొట్టం వైపు పోవడానికి డాబాకి సాధారణంగా మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలు ఇస్తారు. ఎగువన నీళ్లు కుమ్మరించి అరగంట ఆగండి. అప్పటికీ నీళ్లు నిలిచి ఉన్న చోట్ల చుట్టూ సుద్దతో గీయండి. మీ దారి వాటి మీదుగా పోతుంటే ఎగువకు జరపండి. జరపడానికి చోటు లేకపోతే ముందు ఆ గుంటలు సరిచేయించాలి. పైన బండ పరిస్తే గుంట కనబడదు, అంతే. నీళ్లు కిందే ఉంటాయి, స్లాబులోకి దిగుతాయి.

మా అపార్ట్‌మెంట్‌లో అందరి కోసం తోట వేసినప్పుడు మేం ఈ పని చేయలేదు. దారికి రెండు వైపులా వరసగా కుండీలు పెట్టేశాం. ఎగువ కుండీల నుంచి కారిన నీళ్లన్నీ దారి మీదుగానే పారేవి. నీడపట్టున రెండు నెలల్లోనే పాకుడు పట్టింది. కింది ఫ్లాట్ పిన్నిగారు అక్కడే జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కుండీలు పల్లం వైపు మాత్రమే, దారికి జానెడు ఎడంగా, స్టాండ్ల మీద పెట్టి ఉంటే ఆవిడ పడేవారు కాదు. (కుండీల కింద పళ్లాలు పెట్టొచ్చు కదా అంటారు. రోజూ పారబొయ్యకపోతే వాటిలో దోమలు చేరతాయి.)

ఇక బండలు. పాలిష్ చేసిన తాండూరు బండ హాల్లో బాగుంటుంది, తడి డాబా మీద మాత్రం జారుతుంది. పాలిష్ లేని గరుకు బండ అడగండి. నల్ల కడప బండ నేనైతే వద్దంటాను, ఎండాకాలం దాని మీద కాలు పెట్టలేం. కొనే ముందు షాపులోనే ఒక బండ తడిపి, చెప్పులతో ఒకసారి, ఉత్త కాళ్లతో ఒకసారి నడిచి చూడండి.

వెడల్పు ఒకటిన్నర మీటరు. వీల్‌చైర్ వెనక్కి తిరగడానికి అంత కావాలి. గుమ్మం దగ్గర 15 సెంటీమీటర్ల మెట్టు ఉంటే ర్యాంప్ పొడవు 180 సెంటీమీటర్లు రావాలి, అంటే 1:12 వాలు. చోటు కలిసొస్తుందని అంతకన్నా నిటారుగా కట్టకండి. నీళ్లు పట్టే పైపు దారికి అడ్డంగా పడి ఉండకుండా రెండు వైపులా కుళాయిలు పెట్టించండి.

వచ్చే పాఠం పిట్టగోడ గురించి. ఈలోగా దాని ఎత్తు కొలిచి రాసుకోండి. పిల్లలు ఎక్కగలిగే బెంచీ గానీ తొట్టి గానీ పక్కనే ఉంటే, గోడకి ఎంత దూరంలో ఉందో అది కూడా.