జాతిహనన స్మృతి మారిన తీరును పరిశీలించడం ఎలా?

జాతిహననాన్ని ఒక సమాజం ఎలా గుర్తుంచుకుంటూ వచ్చిందో తెలుసుకోదలచినవారు చాలామంది దేశం మొత్తాన్నీ ఒకేసారి పరిశీలించబోయి, చివరకు నాయకుల ప్రసంగాల దగ్గరే ఆగిపోతారు. అంతకంటే హత్యాకాండ జరిగిన ఒక్క చోటును ఎంచుకుని, అక్కడి శిలాఫలకాల మీద ఏ కాలంలో ఏమి రాశారో వరుసగా చదవడం మేలు.

కీవ్ నగరంలోని బాబీ యార్ లోయనే తీసుకుందాం. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో అక్కడ 33,771 మంది యూదులను కాల్చి చంపినట్లు నాజీ దళాల సొంత నివేదికే చెబుతోంది. 1976లో సోవియట్ ప్రభుత్వం అక్కడ నిలిపిన కంచు స్మారకం మీద కీవ్ పౌరులు, యుద్ధఖైదీలు అన్న మాటలున్నాయి గానీ యూదులన్న మాట లేదు. ఏడు కొమ్మల దీపస్తంభం రూపంలో యూదుల స్మారకం 1991లో గానీ వెలవలేదు. పాతదాన్ని మాత్రం తొలగించలేదు కాబట్టి, రెండు కాలాల జ్ఞాపకాలనూ అక్కడే పోల్చి చూడవచ్చు.

ఇలా చదివేటప్పుడు మృతులను ఏ పేరుతో పిలిచారో, హంతకులను అసలు ప్రస్తావించారో లేదో రాసుకోవాలి. ‘మరణించారు’ అనడానికీ ‘చంపారు’ అనడానికీ ఉన్న తేడా చిన్నది కాదు. వీలైతే మూలభాషలోని క్రియాపదాన్నే చూడాలి.

అంకెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పోలండ్‌లో నాజీలు నడిపిన మరణ శిబిరం ఆష్విట్జ్‌లో 40 లక్షల మంది చనిపోయారని చెప్పే పాత ఫలకాలను 1990లో తొలగించారు. తర్వాత పెట్టినవాటిలో సుమారు 15 లక్షలనీ, వారిలో ఎక్కువమంది యూదులనీ రాశారు; నేటి చరిత్రకారుల అంచనా దాదాపు 11 లక్షలు. ఈ తేడాను చూపి హోలోకాస్టే, అంటే నాజీలు యూదులపై సాగించిన జాతిహననమే, అబద్ధమని వాదించేవారున్నారు. అయితే మొత్తం 60 లక్షల మంది యూదులు హతులయ్యారన్న లెక్క ఆ ఫలకం మీద ఆధారపడింది కాదు. మారింది ఫలకం మీది మాటే తప్ప జరిగిన ఘోరం కాదన్న ఎరుక లేకపోతే ఈ పరిశీలనంతా దారి తప్పుతుంది.

తర్వాత న్యాయస్థానాల తీర్పులు చూడాలి. నా దృష్టిలో స్మారకాల కంటే ఇవే ఎక్కువ చెబుతాయి. జిప్సీలని పిలిచే రోమా, సింటీ ప్రజలపై 1943కు ముందు నాజీలు తీసుకున్న చర్యలు జాతివివక్ష కిందికి రావని పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 1956లో తీర్పు చెప్పడంతో, ప్రాణాలతో మిగిలిన ఎందరికో పరిహారం అందలేదు. ఆ ప్రజలపై నాజీలు సాగించిన హింసను జాతిహననమని అక్కడి ప్రభుత్వం గుర్తించింది 1982లో. బెర్లిన్‌లో వారి స్మారకం తెరిచింది 2012లో.

స్మారక దినాల పేర్లనూ వదలకూడదు. రువాండాలో 1994లో ప్రధానంగా టుట్సీ తెగవారిపై జరిగిన జాతిహననపు మృతుల కోసం ఏటా ఏప్రిల్ 7న పాటించే దినం పేరులో ‘టుట్సీలపై’ అన్న మాటను ఐక్యరాజ్యసమితి 2018లో చేర్చింది.

చివరగా తేదీలన్నీ ఒక వరుసలో పెట్టి, ఏమీ జరగని సంవత్సరాల దగ్గర ఆగాలి. స్మారకం ఎవరు కట్టారన్నది సులువుగా దొరుకుతుంది. అంతకుముందు ఎవరు అడిగారన్నది వెతకాలి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఒట్టోమన్ సామ్రాజ్యంలో జరిగిన ఆర్మేనియన్ల జాతిహననానికి ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లోని కొండ మీద 1967లో స్మారకం పూర్తయింది. అంతకు రెండేళ్ల ముందు, 1965 ఏప్రిల్ 24న, ఆ జాతిహననాన్ని గుర్తించాలని కోరుతూ ఆ నగర వీధుల్లోకి వేలాది ప్రజలు వచ్చారు.