ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ ఎర్రర్ కోడ్ చూపిస్తోందా? దాని తలుపు తీసే ముందు జాగ్రత్తలు

ముందు వాసన చూడండి. కుళ్లిన గుడ్ల వాసన తగిలితే కోడ్ సంగతి వదిలేయండి. ఏ స్విచ్చీ ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్లి, దూరం నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసనే ఉండదు. అందుకే దాని అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూడాలి. నొక్కకుండానే అది మోగుతుంటే అప్పుడూ బయటికే.

• కరెంటు ఆపకముందే కోడ్ రాసుకోండి. తలుపు మీది చిన్న కిటికీలోంచి లైటు ఎన్నిసార్లు మినుకుమందో ఓపికగా రెండు మూడు సార్లు లెక్కపెట్టండి. కరెంటు తీస్తే చాలా ఫర్నేస్‌ల సర్క్యూట్ బోర్డుల్లో అది చెరిగిపోతుంది. దాని అర్థం సాధారణంగా తలుపు లోపలివైపు అంటించిన కాగితంలో ఉంటుంది.

• థర్మోస్టాట్ (గది వేడిని నియంత్రించే మీట), కరెంటు బ్రేకర్ రెండూ ఆపండి. గ్యాస్ గొట్టం మీది వాల్వు పిడి ఆ గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్లు.

• లోపలి భాగాలు చల్లారాలి.

• తలుపు తీస్తే ఫర్నేస్‌ను ఆపేసే స్విచ్చికి టేపు వేసి నడపవద్దు. ఎవరు చెప్పినా సరే.

• ఫిల్టర్ మార్చడం, బయటి గొట్టానికి మంచో ఆకులో అడ్డుపడ్డాయేమో చూడటం మీరు చేయగల పనులే. ఫర్నేస్ లోపలి గ్యాస్ వాల్వు, బర్నర్లు మాత్రం టెక్నీషియన్‌కే వదలండి. మంట బయటికి ఎగసిందని కోడ్ చెబితే రీసెట్ మీట నొక్కనే వద్దు.