రాత్రి చేను కావలికి టార్చిలైటు: సమస్య ఎక్కడ, పరిష్కారం ఏమిటి

మా అచ్చంపేట దిక్కు టార్చిలైటును ఇప్పటికీ 'బ్యాటరీ' అనే అంటారు. "బ్యాటరీ పట్టుకొని పో బిడ్డా, పురుగూ పుట్రా ఉంటయ్" అని మా అమ్మ చెప్పకుండా నేను రాత్రి గడప దాటింది లేదు. యాసంగి పల్లి కాయ పట్టిందంటే అడవిపందుల గుంపు వాసన పట్టి వస్తుంది. ఒక్క రాత్రి ఏమరితే మడికి మడి దున్నినట్టు చేసిపోతాయి. మంచె మీద పడుకునే మనిషి చేతిలో ఉండేది ఒక కర్ర, ఒక లైటు. ఆ లైటు సమయానికి వెలగకపోతే ఎంత టెన్షనో కావలి కాసినవాళ్లకే తెలుస్తుంది. ఊళ్లో 'ఖరాబైంది' అన్న లైట్లు చాలా నా దగ్గరికే వస్తాయి. విప్పి చూస్తే ఎక్కువ శాతం లైటు బాగానే ఉంటుంది. కొనేటప్పుడు చూడాల్సింది చూడకపోవడమో, సెల్లో, ఇంత దుమ్మో అసలు కారణం.

ముందుగా ఒక మాట. ఆన్‌లైన్‌లో ఇలాంటి లైట్లను 'హంటింగ్ టార్చ్' పేరుతో అమ్ముతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర కుందేలును గానీ, దుప్పిని గానీ, పందిని గానీ వేటాడటం నేరం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున ఉండే ఊళ్లలో లైటు వేసుకొని అడవిలోకి పోవడం అసలే వద్దు. ఇక్కడ చెప్పేదంతా చేను కావలికి, బోరు దగ్గరికి పోయి రావడానికి, గట్టు మీద నడకకు.

"పదివేల ల్యూమెన్లని రాసి ఉంది, అవతలి గట్టు కనపడట్లేదు"

నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ల్యూమెన్లంటే లైటు నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుగు. అది ఎంత దూరం పోతుందో ఆ అంకె చెప్పదు. బోరు పైపులో నీళ్లు అవే ఉంటాయి, మూతికి బొటనవేలు అడ్డం పెడితే ధార పది అడుగులు ఎక్కువ పోతుంది. వెలుగు కూడా అంతే. ధార ఎంత బిగువుగా ఉందో చెప్పే అంకె క్యాండెలా. పైగా చవక లైట్ల మీద వేలల్లో అచ్చేసే ల్యూమెన్లు చాలావరకు డబ్బా మీదే ఉంటాయి.

లెక్క తేలికే. క్యాండెలా అంకెకు వర్గమూలం తీసి రెండుతో గుణిస్తే దూరం మీటర్లలో వస్తుంది. 10,000 క్యాండెలా అంటే 200 మీటర్లు, 40,000 అంటే 400. నాలుగింతలు పెంచితే గానీ దూరం రెండింతలు కాదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. కంపెనీలు రాసే ఆ దూరం చివర పడేది 0.25 లక్స్, అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. ఏదో కదిలిందని తెలుస్తుంది, అది పందో పక్క చేనువాళ్ల దూడో తెలియదు. గుర్తుపట్టాలంటే రాసిన దూరంలో సగమే లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగెకరాల చదరపు చేను ఒక్కో పక్క సుమారు 127 మీటర్లు ఉంటుంది. దానికి 300 మీటర్లని రాసిన లైటు, అంటే 22,500 క్యాండెలా, నిండుగా సరిపోతుంది. కిలోమీటరు కొట్టే లైటుకు డబ్బులు పోయడం దండగ. క్యాండెలా ఎక్కడా రాయకుండా ల్యూమెన్లు మాత్రమే పెద్దక్షరాల్లో రాసిన లైటు జోలికి నేను పోను.

లైటు బాగున్నా పందులు కనపడలేదనే వాళ్లూ ఉన్నారు. వాళ్లు వెతికేది మెరిసే కళ్ల కోసం. ఆవు, కుక్క, దుప్పి, చిరుత కళ్ల వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, అందుకే లైటు పడగానే భగ్గుమంటాయి. పందికి ఆ పొర లేదు. కళ్లు మెరవలేదు కాబట్టి చేనులో ఏమీ లేదనుకుంటే తెల్లారాక ఏడవాల్సి వస్తుంది. ముందు చెవి పెట్టండి. కట్టె పటపటమని విరిగిన దిక్కుకు లైటు నెమ్మదిగా తిప్పి, నల్లటి ఆకారం కదులుతుందేమో చూడండి.

"దూరం మంచిగనే ఉంది, కాళ్ల ముందు ఏముందో తెలుస్తలేదు"

ఇది ప్రాణం మీదికి తెచ్చే లోపం. రెండేళ్ల కింద నీలం ఛాయ లైటు పట్టుకొని గట్టు మీద పోతున్నాను. ముందర ఎండిన ఆకుల మీద ఒక తాడు ముక్క పడి ఉంది. లైటు కొంచెం కిందికి దించేసరికి దాని పక్కన సన్నటి నీడ లేచింది. అప్పుడు కనపడ్డాయి వీపు మీద గొలుసులాంటి మచ్చలు. రక్తపింజర. అప్పటికి నాకూ దానికీ మధ్య మూడడుగులు.

కెల్విన్ అంటే వెలుగు ఛాయను చెప్పే అంకె. 6,500 కెల్విన్ల నీలం ఛాయ తెల్లటి వెలుగులో చెల్క మట్టి, ఎండాకు, పాము చర్మం అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. 4,000 నుంచి 5,000 కెల్విన్ల మధ్య ఉండి, సీఆర్ఐ (రంగులు ఎంత ఉన్నవి ఉన్నట్టు కనపడతాయో చెప్పే అంకె) 90 దాకా ఉన్న లైటులో గోధుమ రంగు గోధుమ రంగుగానే కనపడుతుంది. అలాంటి లైటులో మొత్తం వెలుగు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. బిగువైన ధార ఒక్కటే ఉంటే నడకకు పనికిరాదు, దాని చుట్టూ పలుచగా పరుచుకునే వెలుగు కూడా ఉండాలి. 50 నుంచి 100 ల్యూమెన్ల చిన్న మోడ్ తప్పనిసరి. పెద్ద మోడ్‌లో ఒకసారి దగ్గరి మట్టిని చూస్తే కళ్లు చెదిరి, మళ్లీ చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది.

లైటును నడుము కన్నా కిందికి పట్టుకోండి. వెలుగు పక్కవాటంగా పడితేనే పాముకూ రాయికీ నీడ లేస్తుంది. తలకు కట్టుకునే లైటు కంటి పక్క నుంచే పడుతుంది కాబట్టి నీడలు మాయమవుతాయి. యాసంగి పొద్దు మంచులో అదే లైటు కళ్ల ముందు తెల్లటి తెర కడుతుంది.

"పది నిమిషాలకే వెలుగు తగ్గిపోతుంది"

లైటును చేత్తో పట్టుకొని చూడండి. ఒళ్లు కాలుతూ ఉండి, కాసేపు ఆపి వేస్తే మళ్లీ నిండుగా వెలిగితే అది రోగం కాదు. ఎల్ఈడీ మాడిపోకుండా లోపలి సర్క్యూటే వెలుగు తగ్గిస్తుంది. టర్బో, అంటే అన్నిటికన్నా ఎక్కువ వెలుగిచ్చే మోడ్, నిమిషాల పని. రాత్రంతా కావలికి మధ్య మోడ్ వాడండి.

ఒళ్లు చల్లగా ఉండి మసకబారితే మాత్రం సెల్లునే అనుమానించాలి. 18650 రకం లిథియం సెల్లులో (18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు) నిజంగా పట్టేది మామూలుగా 3,500 ఎంఏహెచ్ దాకానే. దాని మీద 9,900 అని రాసి ఉంటే అబద్ధం. కిరాణా కొట్టు డిజిటల్ కాంటా మీద పెట్టి చూడండి. అసలు సెల్లు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది, నకిలీది చాలాసార్లు బాగా తేలిగ్గా ఉంటుంది. మల్టీమీటర్ ఉంటే నిండా చార్జి అయిన సెల్లు 4.2 వోల్టులు చూపాలి. 2.5 కన్నా కిందికి పడిపోయినదాన్ని, ఉబ్బినదాన్ని, పైతొడుగు చినిగినదాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టవద్దు. ఎండాకాలం రేకుల షెడ్డులోనూ పెట్టవద్దు, 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం సెల్లుకు చార్జింగ్ ప్రమాదం. పిల్లలు పడుకున్న మంచం మీద అసలే వద్దు.

పిడి ఉన్న డబ్బా లైట్లలో లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. పంట ఇంటికి రాగానే దాన్ని అటక మీద పడేస్తాం, వానాకాలం మక్కకు తీస్తే పలకదు. చార్జి లేకుండా నెలల తరబడి పడి ఉంటే లోపలి పలకల మీద గట్టి పొర పేరుకుంటుంది. అక్కడిదాకా పోయిన బ్యాటరీని తిరిగి లేపడం కష్టం, మార్చుకోవడమే నయం. కొత్తదాన్ని వాడినా వాడకపోయినా నెలకొకసారి చార్జి చేయండి.

"తడితే వెలుగుతుంది, కదిలితే ఆరిపోతుంది"

పది రూపాయలు కూడా ఖర్చు లేని పని. వెనక మూత విప్పి మర చుట్లను పొడి గుడ్డతో తుడవండి. ఆ నల్లటి జిడ్డే కరెంటుకు అడ్డం. స్ప్రింగు మీద తెల్లటి పొడి కనపడితే మామూలు సెల్లు కారిందని అర్థం, గరుకు కాగితంతో మెత్తగా రుద్ది తుడిచేయండి. రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు చుక్క రాయండి.

సెల్లు మార్చిన రోజు నుంచే వెలగడం లేదంటే దాని తల చూడండి. కొన్ని లైట్లకు బొడిపె తల సెల్లే అందుతుంది, చదును తలది వేస్తే తగలదు.

టైప్-సీ లైటు చార్జి ఎక్కకపోతే పారేయకండి. రెండు కొసలూ టైప్-సీ ఉన్న కేబుల్ తీసేసి, పాత చార్జరుకు వచ్చే వెడల్పు మూతి కేబుల్ పెట్టండి. చవక లైట్లలో చార్జరు లైటును గుర్తుపట్టేలా చేసే చిన్న భాగం పెట్టరు, అందుకే కొత్త ఫోను చార్జరు దానికి కరెంటు ఇవ్వదు. నా దగ్గరికి 'చచ్చిపోయింది' అని వచ్చిన లైటు ఒకటి ఇలా నిమిషంలో లేచి కూర్చుంది.

సంచిలో పెట్టిన లైటు తెల్లారేసరికి ఖాళీ అవుతుంటే వెనక మూతను పావు చుట్టు వదులు చేసి పెట్టండి.

"వాన తర్వాత అద్దం లోపల ఆవిరి పట్టింది"

లైటు నీళ్లకు ఎంత తట్టుకుంటుందో డబ్బా మీద ఐపీఎక్స్ అంకె చెబుతుంది. ఐపీఎక్స్4 అంటే చినుకులకు తట్టుకునేదే, ఐపీఎక్స్7 అంటే మీటరు నీళ్లలో అరగంట. ముందుకూ వెనక్కూ జరిగే జూమ్ లైట్లకు ఆ సందుల్లోంచే నీళ్లు, దుమ్ము పోతాయి, పొలానికి అవి వద్దు. తడిసిన లైటు సెల్లు తీసి, విప్పి, నీడన గాలికి రెండు రోజులు ఆరబెట్టండి.

"మోకాలి ఎత్తులో ఏదో అడ్డం తగిలినట్టుంది"

ఇది లైటు లోపం కాకపోయినా చెప్పక తప్పదు. పందుల కోసమని మోటరు లైను నుంచి తొడుగు లేని తీగలకు కరెంటు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నేరం, దానికి తగిలి మనుషులు పోతున్నారు. కొత్త జీఐ తీగ (జింకు పూత ఇనుప తీగ) లైటుకు మెరుస్తుంది, తుప్పు పట్టినది మెరవదు. మన చేను కాని గట్టు ఎక్కే ముందు ఆగి, లైటును మోకాలి ఎత్తులో పట్టి ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. గుంజలు వరుసగా కనపడితే తీగ కనపడకపోయినా ఉన్నట్టే. కర్రతో కూడా ముట్టుకోవద్దు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చి, 1912కు ఫోన్ చేసి లైను ఆపించండి.