లాంగ్ సైకిల్ రైడ్‌కి ముందు నీళ్ల జాగ్రత్తలు

– దాహం లేకున్నా లీటర్లకొద్దీ మంచినీళ్లు తాగేయకండి. రక్తంలో సోడియం పడిపోతే తలనొప్పి, వికారం, తికమక. ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. నింపాదిగా తొక్కేవాళ్లూ జాగ్రత్తపడాలి: చెమట తక్కువ, తాగే తీరిక ఎక్కువ!

– ముందే ఓ గంట తొక్కి, ఎక్కేముందూ దిగాకా బరువు చూసుకోండి. ఏమీ తాగకుండా అరకిలో తగ్గితే దాదాపు అరలీటరు చెమట పోయినట్టు. తాగుతూ తొక్కినప్పుడు బరువు పెరిగిందంటే అతిగా తాగారన్నమాట.

– ఒళ్లు పొడిగా ఉందని ధీమా వద్దు. గాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలే మిగులుతాయి.

– ఓఆర్‌ఎస్ పెట్టుకుంటే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది.

– బాటిల్ మూతి కడగండి. ముందుచక్రం చిమ్మే బురదంతా దానిమీదే.