గెలుపు కాదు, గండం ఊహించుకోండి

పెద్ద లక్ష్యం పెట్టుకోగానే 'గెలిచినట్టు ఊహించుకో' అంటారందరూ. నాకది పని చెయ్యలేదు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు పరుగెత్తిన ప్రతిసారీ తెన్నేటి పార్కు దగ్గర ఆగిపోయేవాణ్ణి. మన వైజాగ్ ఉక్కపోత తెలిసిందే కదా, అప్పటికే బనీను ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది, ఎదురుగా ఎత్తు.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదుతుంటే అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ పెట్టుకున్న ఈత కళ్లజోడులోకి నీళ్లు వచ్చేశాయి. చివరికొచ్చేసరికి గోడ కూడా సరిగా కనబడలేదు. చేతులు ఎన్నిసార్లు వేస్తే గోడ వస్తుందో ముందే తెలుసు కాబట్టి లెక్కపెట్టుకుంటూ వెళ్లి, 1:52.03తో ప్రపంచ రికార్డు కొట్టాడు. ఇలాంటి తేడాలు వస్తే ఏం చెయ్యాలో కోచ్ అతనితో ముందే మనసులో సాధన చేయించేవాడు.

మనం చెయ్యాల్సింది చిన్నదే. రాత్రి పడుకునే ముందు, రేపు ఎక్కడ చేతులెత్తేస్తామో ఆ చోటు కళ్లముందు తెచ్చుకుని 'అలా అయితే ఇలా చేస్తా' అని ఒక్క వాక్యం రాసుకోవడం. నాది: 'ఎత్తు రాగానే అడుగు చిన్నది చేసి, వంద లెక్కపెడతా.' వంద అయ్యేసరికి సగం ఎక్కేసి ఉంటాను. గ్రూప్స్‌కి చదివేవాళ్లయితే: 'మొదటి ప్రశ్నే తెలియకపోతే, టెన్షన్ పడకుండా తర్వాతదానికి వెళ్లిపోతా.'

రెండు మూడుకి మించి మాత్రం రాయకండి. నేను ఉత్సాహంగా పదకొండు రాసుకున్నాను, పరుగులో ఒక్కటీ గుర్తు రాలేదు.